ఎలీసమ్మ వెనక్కి తీసుకున్న సాక్ష్యం

తెల్లచీర మీద మరక పడితే ఎలీసమ్మ ఆ పూట గడప దాటేది కాదు. పర్చూరు అవతల ఉన్న ఆ పల్లెది నల్లరేగడి నేల. వాన పడితే మోకాళ్ళ దాకా బురద. ఎండలు ముదిరితే మిరపకళ్ళాల నుంచి లేచే ఎర్రటి దుమ్ము, ఆ ఘాటుకి కుక్కలు కూడా తుమ్ముతాయి. అలాంటి ఊళ్ళో చీరను తెల్లగా ఉంచుకోవడమంటే ఒక ఉద్యోగం చేసినంత పని. ఎలీసమ్మ తన అసలు ఉద్యోగంతో పాటు ఈ ఉద్యోగాన్ని కూడా ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చింది.

ఆవిడ బైబిల్ స్త్రీ. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి, వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆడవాళ్ళ కష్టసుఖాలు వినే మనిషి. పుట్టింది కూలివాళ్ళ ఇంట్లో. చిన్నప్పుడు పత్తి తీసి తీసి వేళ్ళ చివర్లు చీరుకుపోతే వాళ్ళమ్మ ఆముదం రాసేది. చదువు అయిదో తరగతితో ఆగింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త అంకయ్య పొలంలో పురుగుమందు కొడుతూ పడిపోయి ఇక లేవలేదు. అప్పటికి కొడుకు ఏసుబాబు ఇంకా పాలు మానలేదు. గొంతు బాగుంది, చదవడం వచ్చు అని అప్పటి పాస్టరు గారు ఒక బైబిలూ ఒక గుడ్డసంచీ చేతికిచ్చి ఆవిడకి ఈ పని అప్పగించారు.

వాళ్ళమ్మ రైతుల ఇళ్ళకి వెళ్తే గొడ్లపాక దగ్గరే నిలబడి కేకేసేది. ఎలీసమ్మ వెళ్తే మాత్రం "బైబిలమ్మ గారొచ్చారు, కుర్చీ వెయ్యండే" అనేవాళ్ళు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముందు ఆవిడ కుచ్చిళ్ళు సర్దుకునే తీరు చూస్తే అది ఎంత దూరం నడిచి సంపాదించుకున్న కుర్చీయో తెలిసేది. తన చీర తెలుపు, తన మాట తెలుపు, ఈ రెండే ఆ కుర్చీ తెచ్చిపెట్టాయని ఆవిడ నమ్మకం.

నడుంనొప్పి మొదలైనప్పుడు వయసు మీద పడిందనుకుంది. తర్వాత పక్కటెముకలు. ఒకరోజు బావి గట్టు మీద బిందె ఎత్తుతుంటే లోపల ఏదో పుల్ల విరిగినట్టు అయింది. ఏసుబాబు గుంటూరు తీసుకెళ్ళాడు. ఎముకల మూలుగలో పుట్టే కేన్సర్ అని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. వారం వారం ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఊళ్ళో మాత్రం "ఎముకల నీరసం" అనే చెప్పుకున్నారు. కేన్సర్ అన్న మాట ఎలీసమ్మ నోటితో అనలేదు. పాస్టరు కరుణాకర్ గారికి ఒక్కరికే చెప్పి, ప్రార్థనలో పెట్టమంది.

ఆసుపత్రిలో మేడ మీద ఒక పరిశోధన ల్యాబ్ ఉంది. అక్కడ పని చేసే కోటేశ్వరి అనే అమ్మాయి మొదటిసారే ఎలీసమ్మను కూర్చోబెట్టి విషయమంతా వివరించింది. పెదకాకాని రైతుబిడ్డ, మాట మెత్తన.

"మీ జబ్బు కణాలున్నాయే, అవన్నీ కలిసి ఒకే రకం ప్రోటీన్ తయారుచేస్తాయమ్మగారూ. అది మూత్రంలోకి దిగుతుంది. ఇటు చూడండి" అంటూ గాజుగొట్టంలో పోసిన ఎలీసమ్మ మూత్రాన్నే వేడినీళ్ళలో పెట్టింది. కాసేపటికి అది విరిగిన పాలలా తెల్లబడింది. ఇంకా మరగనిస్తే మళ్ళీ తేటపడింది. చల్లారుతుంటే మళ్ళీ తెల్లబడింది. ఎలీసమ్మ చూపు తిప్పేసుకుంది. తన ఒంట్లోది పరాయి పిల్ల చేతిలో అట్లా రంగులు మారుతుంటే నలుగురిలో పైట జారినంత సిగ్గేసింది.

"ఈ ప్రోటీన్ ఒక పూసల దండలాంటిది. ఇరవై రకాల పూసలు. ఏ పూస తర్వాత ఏ పూసో, ఆ వరస మీ జబ్బుకే సొంతం. ఇంకొకరి జబ్బులో ఉండదు. దాన్ని ముక్కలుగా కోసి, మెషిన్‌లో తూచి, వరస చదువుతాం. వరస తెలిస్తే, మందుకి జబ్బు ఎంత లొంగిందో, మళ్ళీ కాస్త తల ఎత్తినా, కనిపెట్టొచ్చు."

"కోసేస్తే వరసెట్టా తెలుస్తుందమ్మా?"

"ఒక కత్తెరతో కొన్నిచోట్ల కోస్తాం. ఇంకో కత్తెరతో వేరేచోట్ల కోస్తాం. రెండు రకాల ముక్కలూ పక్కపక్కన పెడితే అతుకులు దొరుకుతాయి."

ఎలీసమ్మ ముఖం విప్పారింది. "మా సండే స్కూల్లో అట్టముక్కల మీద వాక్యం రాసి, కత్తిరించి, కలిపేసి పిల్లలకిస్తా. వాళ్ళు పేర్చాలి. అట్టాంటిదే కదూ?"

"అట్టాంటిదే! కాకపోతే మా వాక్యం ముందే ఎవరికీ తెలియదు" అంది కోటేశ్వరి నవ్వుతూ. తర్వాత మూతకి పచ్చ స్టిక్కరున్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. ఆదివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దుటి దాకా పోసిన మూత్రమంతా, ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా, అందులో పట్టి తేవాలి. "కొందరు తగ్గిందని నీళ్ళు కలిపి తెస్తారమ్మగారూ. అది మాకు ఇట్టే తెలిసిపోతుంది. తగ్గితే తగ్గిందని చెప్పండి, ఇంకోరోజు పడదాం. అంతే."

ఆ "అంతే" అన్నంత తేలిగ్గా లేదు ఎలీసమ్మకి. మొదటిసారి జ్వరమని చెప్పి ఆదివారం చర్చి మానేసి, తలుపేసుకుని డబ్బా నింపింది. సోమవారం బస్సులో డబ్బాని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే, చిలకలూరిపేట దగ్గర ఎక్కిన సంతోషకుమారి, వేరే ఊరి చర్చి ఆవిడ, పక్కనే వచ్చి కూర్చుంది.

"వందనాలు బైబిలమ్మ గారూ! ఏంటది, నూనా?"

ఎలీసమ్మ తువ్వాలు అంచు కిందికి లాగింది. "ఆఁ... నూనే."

"ప్రార్థన నూనా? అయితే నాకొక చిన్న సీసాడు పొయ్యండి తల్లీ, మా ఆయన మోకాళ్ళు పట్టేశాయి. ఖాళీ సీసా నా దగ్గరుంది."

"ఇది వేరే వాళ్ళకి మొక్కుకున్నదమ్మా" అని డబ్బాని పొట్టకి అదుముకుంది. గుంటూరు వచ్చేదాకా కిటికీలోంచే చూసింది. తిరిగొచ్చాక కోడలు రెబెకాకి ఇది చెబితే, ఎప్పుడూ పెదవి విప్పని ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఎలీసమ్మ నవ్వలేదు. రోగం గురించి కాదు, నోటి నుంచి అంత సులువుగా అబద్ధం దొర్లినందుకు ఆవిడకి ఆ రోజు అన్నం సయించలేదు.

రెండోసారి డబ్బా పట్టాల్సిన ఆదివారం కోత పండుగ వచ్చి పడింది. ఆ రోజు సంఘమంతా పంటలో తొలి భాగం చర్చికి తెస్తుంది. మిరపకాయల బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ ఆవరణలో పెట్టి వేలం పాడతారు. స్త్రీల సమాజం పని మొత్తం ఎలీసమ్మదే. మానడానికి లేదు. చర్చి మరుగుదొడ్డి వేలంపాట జరిగే చోటుకి ఎదురుగానే ఉంది. అందరి ముందు నుంచి డబ్బా పట్టుకుని అందులోకి వెళ్ళడం ఎలీసమ్మ వల్ల అయ్యే పని కాదు. డబ్బా ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది. పొద్దున మొదలుకుని పొద్దుగూకే దాకా వెళ్ళిందంతా అక్కడే పోయింది.

సోమవారం తెల్లారేసరికి డబ్బా సగం కూడా రాలేదు. పోయినసారి పై గీత దాటింది. తగ్గిందని చెబితే సరిపోయేది. కానీ ఎందుకు తగ్గిందని ఆ పిల్ల అడుగుతుంది, మళ్ళీ ఇంకో ఆదివారం, మళ్ళీ జ్వరమనే అబద్ధం. నీళ్ళు పోద్దామంటే తెలిసిపోతుందట. ఎలీసమ్మ పెరట్లో డబ్బా ముందు చాలాసేపు నిలబడి, చివరికి పళ్ళు తోముకుంటున్న కోడలి వైపు తిరిగింది.

"రెబెకా... అమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

ఎలీసమ్మ డబ్బా ముందుకు జరిపింది. "నువ్వు... ఇంకా ఒంటికి పోలేదుగా? దీంట్లో... కాస్త."

రెబెకా నురగ నోటితోనే ఆవిడ ముఖంలోకీ డబ్బాలోకీ చూసింది. ఏదో అనబోయి ఆగింది. నోరు కడుక్కుని, డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చి తలుపు పక్కన పెట్టి, తల తిప్పుకుని వెళ్ళిపోయింది. అత్తాకోడళ్ళు ఆ పొద్దు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

డబ్బా అప్పగించి రెండు రోజులు కాకముందే, జబ్బు తగ్గుముఖం పట్టిందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. తర్వాతి ఇంజెక్షన్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ సంతోషంగా ఉంది. "ప్రోటీన్ సగానికి తగ్గిందమ్మా. ఇంకో మందు కలుపుదామనుకున్నాం. ఇప్పుడు అక్కర్లేదు, ఇట్లాగే కానిద్దాం." ఎలీసమ్మ నోరు తెరిచింది. వెనకాల వరసలో జనం ఉన్నారు. నోరు మూసింది.

ఏసుబాబు నోట ఆ మాట విన్నాక కరుణాకర్ గారు ఊరికే ఉండే మనిషి కాదు. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే మైకులో పేరు పిలిచారు. సాక్ష్యమంటే దేవుడు తమకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం. ఎలీసమ్మ ఎంతమంది చేత చెప్పించిందో, ఎన్నిసార్లు తాను చెప్పిందో లెక్కలేదు. లేవకపోతే అనుమానిస్తారని లేచింది. లేచాక నోటికి అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చాయి. దాచుకున్న రోగం పేరు కూడా ఆ ఊపులో బయటికి వచ్చేసింది. కేన్సర్ అన్నారు, సగానికి తగ్గిందన్నారు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "డాక్టర్లే ఆశ్చర్యపోయారు" అని కూడా అంది. స్త్రీల వైపు నుంచి ఏడుపులూ స్తోత్రాలూ లేచాయి. ఆ చప్పుడులో ఎలీసమ్మకి తన గొంతు ఎవరిదో పరాయి గొంతులా వినపడింది.

ఆ సాయంత్రమే పుల్లమ్మ వచ్చింది. ఆదెయ్య గారి కళ్ళంలో మిరపకాయలకి తొడిమలు తీసే మనిషి. నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు. ఒక్కటే దాచుకుంది. ఎడమ రొమ్ములో గట్టిగా తగిలే గడ్డ. అది ఎలీసమ్మకొక్కదానికే చూపించింది. చూసిన రోజు నుంచి ఎలీసమ్మ పోరుపెట్టి పోరుపెట్టి, గుంటూరు రావడానికి ఒప్పించింది. వచ్చే వారమే వెళ్ళాలి.

"నేను రాను ఎలీసక్కా" అంది పుల్లమ్మ గుమ్మంలో కూర్చుంటూ.

"అదేంటే?"

"నీకు తగ్గించినోడు నాకు తగ్గించడా? ఆడికెళ్ళి మగ డాక్టర్ల ముందు గుడ్డ విప్పి నిలబడే ఖర్మ నాకెందుకు? చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి, చాలు."

"ప్రార్థన చేస్తాలేవే. ఆసుపత్రికి కూడా పోవాలి. నేను కూడా ఇంజెక్షన్లు పొడిపించుకుంటున్నాగా."

"ఇంజెక్షన్లకి తగ్గిందని మైకులో చెప్పావా? దేవుడు తగ్గించాడనేగా చెప్పావు. ఇప్పుడు నీకే నమ్మకం లేదా ఏంది?"

పుల్లమ్మ కళ్ళు మూసుకుని తల వంచింది. ఎలీసమ్మ ఆ తల మీద చెయ్యి పెట్టింది. నోటి వెంట ప్రార్థన వచ్చింది కానీ చెయ్యి వణికింది. ఆ వణుకును కూడా పుల్లమ్మ అభిషేకమనే అనుకుంది. "చూశావా, కరెంటులాగా దిగింది" అంటూ తేలిక పడి వెళ్ళిపోయింది. వాకిలి కడుగుతున్న రెబెకా చీపురు ఆపి, అత్తగారి వైపు నిదానంగా చూసి, మళ్ళీ కడగసాగింది.

తర్వాత రోజుల్లో ఎలీసమ్మ పుల్లమ్మ కనబడితే సందు మారింది. రేపు చెబుదాం, ఇంకాస్త ఆగి చెబుదాం అనుకుంది. గుంటూరు వెళ్ళాల్సిన రోజు పుల్లమ్మ నవ్వుకుంటూ కళ్ళంలోకి నడిచిపోవడం కిటికీలోంచి చూసింది. పిలవలేదు.

ఆ పరిస్థితిలో కోటేశ్వరి ఫోన్ చేసింది. "అమ్మగారూ, ఒకసారి రాగలరా? మీ రెండో శాంపిల్‌లో మేం అనుకోనిది కనపడింది. డాక్టర్ గారు కూడా మాట్లాడాలంటున్నారు."

ల్యాబ్‌లో కోటేశ్వరితో పాటు అష్రఫ్ అనే కుర్ర టెక్నీషియన్ ఉన్నాడు. కోటేశ్వరి కంప్యూటర్ తెర తిప్పి చూపించింది. తెర నిండా నిట్టనిలువు గీతలు.

"ఇవి మీ ప్రోటీన్ ముక్కలు, మొదటిసారి వచ్చినవే. మీ దండే, అనుమానం లేదు. కానీ ఇవి చూడండి. ఈ ముక్కలు మీ దండలోవి కావు. పోయినసారి లేవు. మెషిన్ తప్పేమోనని మళ్ళీ చదివాం. వరస అదే వచ్చింది." ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. "ఇది గర్భిణుల్లో ఉండే హార్మోనమ్మగారూ. చివరికి మెడికల్ షాపులో దొరికే కార్డు మీద కూడా వేసి చూశాం. రెండు గీతలొచ్చాయి."

అష్రఫ్ చటుక్కున వేరే తెర వైపు తిరిగిపోయాడు. ఆ తిరగడమే ఎలీసమ్మకి చెంపదెబ్బ తగిలినట్టయింది. విధవరాలు, బైబిల్ స్త్రీ, తల నెరిసిన మనిషి. ఆవిడ పేరు అంటించిన డబ్బాలో గర్భం.

"తప్పుగా అనుకోకండి" అంది కోటేశ్వరి గాభరాగా. "మీ వయసులో ఇది వచ్చిందంటే అర్థం వేరు. కొన్ని రకాల గడ్డలు కూడా దీన్ని తయారుచేస్తాయి. ఇంకెక్కడైనా గడ్డ మొదలైందేమోనని మాకు భయం. కడుపు స్కాన్ తీయాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి చూడాలి."

ఎలీసమ్మ చెవుల్లో ఆ మాటలు పడుతూనే ఉన్నాయి, కానీ మనసు పెరట్లో, నురగ నోటితో నిలబడ్డ రెబెకా దగ్గరికి పోయింది. ఏదో అనబోయి ఆగిన రెబెకా. ఎదలో సంతోషం భగ్గుమంది. వెంటనే, ఆ సంతోషం తనకు ఏ దారిన తెలిసిందో గుర్తొచ్చి అది అంతలోనే ఆరిపోయింది. ఊరుకుంటే స్కాన్లు తీస్తారు, ఏమీ లేదంటారు, వెతుకుతారు. మాట్లాడకుండా ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కళ్ళంలో తొడిమలు తీస్తూ పుల్లమ్మ కూడా అలాగే నెట్టుకొస్తుంది, గడ్డతో పాటు.

"నాకు స్కాన్ వద్దమ్మా. అది నాది కాదు."

"అంటే?"

"నేను... డబ్బా నిండలేదు. మా కోడలి చేత పోయించాను." ఎలీసమ్మ బల్ల అంచు పట్టుకుంది. "పగలు మొత్తం నేను పట్టలేదు. చర్చిలో సిగ్గేసి."

కోటేశ్వరి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్ని రోజులు దీని మీదే కూర్చున్నామమ్మగారూ" అంది నీరసంగా. తర్వాత గొంతు పెరిగింది. "సగానికి తగ్గిందన్న రిపోర్టు కూడా తప్పే కదా అయితే! మీకు కలపాల్సిన మందు ఆపేశారు, తెలుసా మీకు? తగ్గిందని చెబితే ఇంకో డబ్బా ఇచ్చేదాన్ని. ఎందుకమ్మా?"

డాక్టరమ్మ వచ్చి విన్నది. ఆవిడ అరవలేదు. "నలుగురికి మంచి చెప్పే మనిషివి కదమ్మా నువ్వు" అంది. అంతకన్నా అరిచినా బాగుండేది. మందు ఆ రోజే కలిపారు. ఎలీసమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయి, అష్రఫ్ ఇచ్చిన కొత్త డబ్బా పట్టుకుని అందరి ముందూ వరండా చివరున్న మరుగుదొడ్డికి నడిచింది, వచ్చింది, మళ్ళీ నడిచింది. బయల్దేరేటప్పుడు కోటేశ్వరి గేటు దాకా వచ్చి, "మీ కోడలికి చెప్పండి. ఇక్కడికే తీసుకురండి, డాక్టరుకి నేను చూపిస్తాను" అంది.

ఇంటికొచ్చేసరికి రెబెకా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నీకు తెలుసా?" అనడిగింది ఎలీసమ్మ.

రెబెకా చేట లోంచి తల ఎత్తలేదు. ఏ సంగతని అడగలేదు కూడా. "తెలుసత్తయ్యా."

"నాకెందుకు చెప్పలేదే?"

"పోయినసారి నెల తప్పినప్పుడు చెప్పానుగా." రెబెకా గొంతు సన్నగానే ఉంది. "ఆ ఆదివారమే మీరు లేచి సాక్ష్యం చెప్పారు. తర్వాత నిలవలేదు. చర్చికి పోతే ఒక్కొక్కరూ నా పొట్ట వైపు చూసి చప్పరించడం... నాకు మళ్ళీ అది వద్దు."

"ఆ డబ్బా ఇచ్చినప్పుడైనా చెప్పొచ్చుగా. చెబితే నేను నిన్నెందుకు అడుగుతాను?"

"చెబుదామనే అనుకున్నా. మీ ముఖం చూసి ఊరుకున్నా. అడిగినందుకే చచ్చిపోతున్నట్టున్నారు."

ఎలీసమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. తన నోటి నుంచి వచ్చిన మాటలు ఎవరెవరి ఒంటి మీద పడ్డాయో ఒక్కొక్కటీ కనపడసాగింది. "ఈసారి నా నోటి నుంచి బయటికి రాదు" అంది చివరికి. "ఏసుబాబుకి నువ్వే చెప్పుకో."

ఆదివారం దాకా ఆగలేక శనివారమే పుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. తాళం వేసుంది. కూతురి ఊరికి పోయిందన్నారు. ఇక చర్చిలోనే. మైకులో చెప్పింది మైకులోనే తీసుకోవాలనుకుంది.

సాక్ష్యాల సమయం వచ్చింది. ఎలీసమ్మ లేవగానే అలవాటు కొద్దీ నాలుగు గొంతులు "స్తోత్రం!" అన్నాయి.

"నేను పోయిన నెల ఇక్కడ నిలబడి చెప్పింది నిజం కాదు."

"హల్లెలూయ!" అన్నాడు ముందు వరసలో చెంచయ్య తాత. ఆయనకి చెవుడు. పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఎలీసమ్మ నిలబడే ఉంది.

"నా జబ్బు తగ్గలేదు. పరీక్షకి మూత్రం పట్టమన్నారు. కోత పండుగ రోజు నాకు మీ అందరి ముందూ డబ్బా పట్టుకుని పోవడానికి సిగ్గేసింది. సగమే పట్టాను. మిగతాది వేరే మనిషిది పోసి నాదని ఇచ్చాను. అందుకే సగం కనపడింది. డాక్టర్లు ఆశ్చర్యపోలేదు. అది నేను కల్పించాను."

"ఎవరిది పోశావ్?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"అది చెప్పను."

చెప్పకపోతేనేం, ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే. చూపులన్నీ రెబెకా మీదికి పోయాయి. రెబెకా చెంపలు కందిపోయాయి కానీ తల దించలేదు.

"దేవుడి మీద నాకు నమ్మకం పోలేదు" అంది ఎలీసమ్మ. "నా మాట విని ఆసుపత్రికి పోకుండా ఆగినవాళ్ళు ఎవరైనా ఉంటే, పోండి. నా మాట మీద ఆగొద్దు." పుల్లమ్మ వైపు చూడకుండానే చెప్పింది. పుల్లమ్మ వచ్చే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కరుణాకర్ గారు మైకు తీసుకుని పాట ఎత్తుకున్నారు. ఆరాధన అయ్యాక ఎలీసమ్మను పక్కకి పిలిచి, "ముందు నాకు చెప్పాల్సిందమ్మా. సంఘం ముందు ఇట్లా... కొన్నాళ్ళు మీరు ఇళ్ళకి తిరగొద్దు. ఒంట్లో కూడా బాలేదుగా" అన్నారు. తిట్టలేదు. సంచీ మాత్రం టేబుల్ మీద పెట్టి వెళ్ళమన్నట్టు చూశారు. ఎలీసమ్మ పెట్టేసింది.

చెప్పులు విడిచిన చోట పుల్లమ్మ కాచుకుని ఉంది. జనం చుట్టూ ఉన్నా గొంతు తగ్గించలేదు.

"నా తల మీద చెయ్యి పెట్టావే! ఎట్టా పెట్టావే ఆ చెయ్యి? కరెంటులాగా దిగిందని ఊరంతా చెప్పుకున్నా, పిచ్చిముండలాగా!"

"తప్పేనే పుల్లమ్మా."

"అది పెరిగింది. తెలుసా నీకు? ఇప్పుడు చెయ్యి ఎత్తితే నొప్పి పుడతా ఉంది."

ఎలీసమ్మ చేతులు జోడించలేదు, ఏడవలేదు. ఏది చేసినా ఇంకో సాక్ష్యంలాగే ఉంటుందనిపించింది. "రేపు పోదాం. నాకు తెలిసిన అమ్మాయి ఉంది అక్కడ. నేను తీసుకుపోతా."

"నువ్వొద్దు." పుల్లమ్మ ముఖం తిప్పుకుంది. అటు తిరిగే, "నీ కోడల్ని పంపు. ఆ పిల్లకి నోరు లేదు, అబద్ధం కూడా ఉండదు. రేపు పోతే ఆదెయ్య గారి కళ్ళంలో నా వంతు కాయల కుప్ప ఇంకెవరికో ఇచ్చేస్తారు, అదొకటి" అంది.

రెబెకా వెనకే నిలబడి వింది. "నేనొస్తాను పిన్నీ" అంది. "నాకూ అక్కడ పనుంది."

సోమవారం వాళ్ళిద్దరూ తొలి బస్సుకి వెళ్ళారు. ఎలీసమ్మ ఆదెయ్య గారి కళ్ళానికి వెళ్ళింది. ఆరబోసిన మిరపకాయల చుట్టూ ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆదెయ్య భార్య సుబ్బరావమ్మ ఆవిడని చూసి నొసలు ముడిచింది.

"పుల్లమ్మ ఏదీ?"

"గుంటూరు ఆసుపత్రికి పోయిందండీ. ఆమె కుప్ప ఆమెకే ఉంచండి. వచ్చేదాకా నేను తీస్తాను."

"నువ్వా? ఆ నడుంతో?"

"బస్తాకి ఆనుకుని కూర్చుంటా."

సుబ్బరావమ్మ ఏమీ అనకుండా పుల్లమ్మ కుప్ప చూపించింది. ఎలీసమ్మ కూర్చోగానే పక్క గుంపులోంచి ఒకావిడ గొంతెత్తింది. "ఏం బైబిలమ్మా, ఈ తొడిమలన్నా నువ్వే తీస్తావా, సగం వేరే వాళ్ళ చేత తీయించి నీవని చెబుతావా?"

కళ్ళమంతా ఘొల్లుమంది. ఎలీసమ్మ ముఖం కాయల రంగుకి తిరిగింది. తల వంచుకుని ఒక కాయ అందుకుంది, తొడిమ గిల్లింది, పక్కన వేసింది. ఇంకోటి అందుకుంది. చిన్నప్పటి పని, వేళ్ళు మరిచిపోలేదు. కాసేపటికి గోళ్ళ సందుల్లో మంట మొదలైంది. నవ్వులు సన్నబడి, తుమ్ములూ కబుర్లూ మామూలయ్యాయి. ఆవిడతో మాత్రం ఎవరూ మాట కలపలేదు.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. మంట చేతులు కొంగుకి తుడుచుకుని, వేలి కణుపుతో నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"డాక్టర్లు చూశారత్తయ్యా" అంది రెబెకా. "సూదితో చిన్న ముక్క తీశారు. ఏ రకమో పరీక్ష చేస్తారంట. రేపు కూడా ఉండమన్నారు. చెయ్యి దాటలేదనే అంటున్నారు, కానీ ఇప్పుడే చెప్పలేమన్నారు."

"పుల్లమ్మ ఏమంటోంది?"

అవతల రెబెకా ఎవరినో అడగడం వినపడింది. పుల్లమ్మ పక్కనే ఉందని తెలుస్తోంది. "మీతో మాట్లాడనంటోంది."

"సరే. మాట్లాడొద్దులే. రేపు కూడా తన కుప్ప దగ్గర నేనుంటానని చెప్పు" అంది ఎలీసమ్మ. ఫోన్ పక్కన పెట్టి ఇంకో కాయ అందుకుంది.